మా అత్త కుండల లెక్క

నెల సరుకుల చీటీ రాయడం మనందరికీ అలవాటే. కందిపప్పు రెండు కిలోలు, చింతపండు అరకిలో, నూనె ప్యాకెట్లు ఐదు... ఇంట్లో ఏముంది, ఏది అయిపోయింది, ఏది తేవాలి. నాకూ ఒక నోట్‌బుక్కు ఉంది. దాని వెనక పేజీల్లో మాత్రం ఇంకో లెక్క ఉంటుంది. అది మా అత్తది. ఏ పండక్కి ఎన్ని కుండల కల్లు పెట్టాలి, దానికి ఎన్ని కుంచాల చోళ్ళు కావాలి, అవి తీసేస్తే గాదెలో ఎన్ని మిగుల్తాయి అన్న లెక్క.

కల్లు అనగానే మీలో కొందరు మొహం చిట్లిస్తారని తెలుసు. కాస్త ఆగండి. మాది అరకు లోయ, మేం కొండదొరలం. మా కొండల్లో తాగేవి మూడు రకాలు. జీలుగు చెట్టు గీస్తే వచ్చేది జీలుగు కల్లు, అది మగవాళ్ళ పని. ఇప్పపువ్వును పులియబెట్టి, కాచి, ఆవిరి పట్టి దించేది ఇప్పసారా. మూడోది ధాన్యంతో పెట్టేది. చోళ్ళతోగానీ బియ్యంతోగానీ కుండలో పులియబెడతారు. చోళ్ళంటే మీ వైపు రాగులు. సరిహద్దు దాటి కొరాపుట్ వైపు వెళ్తే దాన్ని లందా అంటారు. మా ఇంట్లో చోడి కల్లు అంటాం. దీన్ని పొయ్యి మీద పెట్టి ఆవిరి పట్టే పని ఉండదు. చిక్కటి అంబలిలా పుల్లగా ఉంటుంది, కాస్త మత్తుంటుంది. గింజ ఏరడం దగ్గర్నుంచి కుండ దించేదాకా ఇది ఆడవాళ్ళ పని.

మా అత్తకు చదువు రాదు, లెక్క మాత్రం వచ్చు. గూట్లో ఒక పాత హార్లిక్స్ సీసా, దాన్నిండా రాజ్మా గింజలు. కుంచానికి ఒక గింజ. ఎర్రవి తిండికి, తెల్లవి కుండకి. గాదెలోంచి ఒక కుంచం తీసిందంటే సీసాలోంచి ఒక గింజ తీసి పక్క డబ్బాలో వేస్తుంది. సీసా కదిపి చూస్తే చాలు, ఇంట్లో ఎంత ఉందో ఆమెకు తెలిసిపోతుంది. నేను కోడలిగా వచ్చాక ఆ గింజల్ని నోట్‌బుక్కులోకి ఎక్కించాను. సీసా మాత్రం ఆమె వదల్లేదు. "నీ కాయితం తడిస్తే పోద్ది అమ్మీ" అంటుంది.

కొలతలు మర్చిపోయిన వాళ్ళ కోసం: నాలుగు మానికలైతే ఒక కుంచం. మా అత్త మానికను ఒకసారి మా ఇంట్లో తూకం మీద పెట్టి చూశాను. చోళ్ళయితే కిలోంపావు తూగింది. అంటే కుంచం ఐదు కిలోలు.

ఈ లెక్క అసలు బరువు నాకు తెలిసింది మా ఆడపడుచు పెళ్ళప్పుడు. రెండేళ్ళ కిందట, మాఘమాసంలో.

ఆ ఏడు గరువు మీద చోడి పంట బాగానే వచ్చింది. కోతలయ్యాక గాదెలోకి అరవై కుంచాలు చేరాయి. పుష్యమాసంలో ఒక సాయంత్రం అత్త అరుగు మీద గింజలు పరిచి కూర్చుంది. నేను రాసుకున్నాను.

విత్తనానికి 2 కుంచాలు. వానలు మోసం చేస్తే రెండోసారి చల్లడానికి కూడా అందులోనే. తిండికి రోజుకి అరమానిక చొప్పున నెలకి 4 కుంచాలు, జనవరి నుంచి మళ్ళీ పంట ఇంటికొచ్చే నవంబరు దాకా పదకొండు నెలలకి 44. చైత్రంలో ఇటుకల పండక్కి 3. బదులుకీ, చుట్టాలకీ 3. అన్నీ తీసేస్తే 8.

"ఎనిమిది కుండలు" అంది అత్త. కుంచానికి ఒక కుండ.

"తిండిలో ఒక మనిషి తగ్గుతుంది కదా అత్తా, పెళ్ళయ్యాక?" అన్నాను. అదీ ఒక లెక్కే కదా మరి.

ఆమె ఎర్ర గింజల కుప్ప మీద చెయ్యి పెట్టి, "దాని పాలు తియ్యను. పిల్ల పురిటికి రాదా?" అంది.

అప్పటికింకా పెళ్ళే కాలేదు!

మా మరిది ఒప్పుకోలేదు. పెళ్ళికొడుకు వైపు నుంచి వందమంది పైనే వస్తారు, మన ఊరివాళ్ళు ఎలాగూ ఉంటారు, పన్నెండు కుండలన్నా లేకపోతే పరువుండదన్నాడు. కుండలతో పాటు నలభై వేలు పెట్టి బాటిళ్ళు కూడా తెప్పించాలన్నాడు. ఇప్పుడు మా వైపు పెళ్ళిళ్ళలో అదే గొప్ప. ఎవరి పెళ్ళిలో ఎన్ని పెట్టెలు దించారో ఏడాది పాటు చెప్పుకుంటారు. కాఫీ పళ్ళు అమ్మిన డబ్బు చేతిలో ఉంది, చాలకపోతే వచ్చే పంట మీద వ్యాపారి ఇస్తాడు. మా ఆయన మధ్యలో నలిగిపోయాడు. తమ్ముడన్నదీ నిజమే, అమ్మన్నదీ నిజమే అంటూ రెండు రోజులు తిరిగాడు.

అత్త అరవలేదు. తెల్ల గింజల పక్కన ఇంకో నాలుగు గింజలు పెట్టింది. అవి ఎక్కడివి? ఎర్ర కుప్పలోవి. "నాలుగు కుండలంటే ఒక నెల అంబలి. ఏ నెల పస్తుంటావో సెప్పు, ఆ నెల గింజలు తీసి ఇస్తాను" అంది. కోటా బియ్యం ఉన్నాయి కదా అన్నాడు మరిది. "భాద్రపదంలో నాట్లకీ కలుపుకీ ఎల్లినప్పుడు నీ కోటా బియ్యంతోనే ఉండు, సూస్తాను" అంది. మా కొండల్లో పని చేసేవాళ్ళకి తెలుసు, పొద్దున్నే బుర్రలో పోసుకెళ్ళిన చోడి అంబలి మధ్యాహ్నం దాకా ఎలా నిలబెడుతుందో. వానాకాలంలో గాదెలు ఖాళీ అయినప్పుడు మామిడి టెంకల పిండి అంబలి తాగిన రోజులు మా అత్త తరానికి కథ కాదు.

ఇక బాటిళ్ళ సంగతి. దాని గురించి మాట్లాడాలంటే మా మామ గురించి చెప్పాలి. నేను ఆయన్ని చూడలేదు. మా ఆయన ఏడో తరగతిలో ఉండగా పోయాడు. పండక్కి కుండ కల్లు తాగి ధింసాలో వరసకట్టి ఆడిన మనిషే. రోడ్డు పక్కకి సారా ప్యాకెట్లు వచ్చాక అలవాటు అటు మళ్ళింది. 1993లో సారా నిషేధించాక నాటుసారా వైపు పోయింది. కాలేయం చెడి పోయాడు. అత్త ఆ సంగతి చెప్పేటప్పుడు ఏడవదు, లెక్క చెప్తున్నట్టే చెప్తుంది. "ఆ పొట్లం ఎక్కడ కొన్నాడో నాకు తెల్దు. ఎన్ని తాగాడో తెల్దు. ఎంతిచ్చాడో తెల్దు. నా కుండలోదైతే నాకు తెలిసీది కాదా?"

ఆ రాత్రి ఈ మాట విన్నాక మరిది మళ్ళీ బాటిళ్ళ ఊసెత్తలేదు.

మా కుండకి ఎవరో అడ్డుపడడం ఈనాటిది కాదు. 1870లలో మద్రాసు ప్రభుత్వం రంప కొండల్లో ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద ఆంక్షలు పెట్టింది. కల్లు హక్కుల్ని పాటలు పెట్టి గుత్తేదార్లకు అప్పజెప్పింది. దానికి తోడు అక్కడి మన్సబ్‌దారు చిగురు పన్ను వసూలు చేశాడు. తన చెట్టు కల్లుకి తానే డబ్బు కట్టాల్సి రావడం 1879 రంప తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. వందేళ్ళు గడిచాక, 1970లలో, కేంద్రమే రాష్ట్రాలకు ఒక సలహా ఇచ్చింది. గిరిజన ప్రాంతాల్లో మద్యం దుకాణాలు ఎత్తేయండి, సంప్రదాయంగా ఇంట్లో వాడకానికి బియ్యంతో చేసుకునే పానీయాల జోలికి వెళ్ళకండి అని. 1996 నాటి పీసా చట్టమైతే మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నియంత్రించే, నిషేధించే అధికారం గ్రామసభకూ, తగిన స్థాయి పంచాయతీలకూ ఉండాలని రాసింది. గ్రామసభ అంటే అందులో మా అత్తా ఉంటుంది, నేనూ ఉంటాను.

ఇది మా కొండలకే పరిమితమైన సంగతీ కాదు. ఇంగ్లండులో మధ్యయుగాల్లో ఇంటి వాడకానికి ఏల్ కాచేది ఎక్కువగా ఆడవాళ్ళేనట. అది పెద్ద వ్యాపారమయ్యాక వాళ్ళ చేతుల్లోంచి పోయింది. ఇక మన దగ్గర 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న పాఠంతో కదిలి ఊళ్ళో సారా ఆపించారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997కల్లా ఆ రెండోది సడలిపోయింది. దూబగుంట ఆడవాళ్ళది వద్దనే పోరాటం, మా అత్తది కొలిచి పెట్టే పద్ధతి. రెండూ ఎదురెదురుగా కనిపిస్తాయి గానీ, ఇంటి సొమ్ము ఎంత తాగుడుకి పోవాలో ఇంటి ఆడది తేల్చాలన్న దగ్గర రెండూ ఒకటేనని నాకనిపిస్తుంది.

సరే, పెళ్ళి దగ్గరికొద్దాం. ఎనిమిది కుండలని తేలాక అసలు పని మొదలైంది. చోడి కల్లుకి ఒక చిక్కుంది. తయారయ్యాక రెండు రోజులే బాగుంటుంది. తర్వాత పులుపెక్కి నోట పెట్టలేం. ముందే చేసి దాచుకోలేం, ఆలస్యమైతే తీపి గంజిలా ఉంటుంది. కాబట్టి పెళ్ళి రోజు నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి. నా నోట్‌బుక్కులో ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

పెళ్ళికి 14 రోజుల ముందు: రెండు కుంచాల చోళ్ళు రాత్రంతా నానబెట్టాలి. 13 నుంచి 11: నీళ్ళు వంపేసి, తడి గోనెలో కట్టి మొలకెత్తించాలి. 10 నుంచి 7: ఎండబెట్టాలి. మామూలుగా రెండు రోజుల ఎండ చాలు. కానీ మాఘంలో అరకులో తొమ్మిదింటి దాకా మంచు విడవదు, అందుకని ఇంకో రెండు రోజులు అదనం. 6: మొలక చోళ్ళు విసిరి పిండి చేయాలి. మిగతా ఆరు కుంచాలు మర పట్టించాలి. 5: మొదటి నాలుగు కుండలు. 4: తర్వాతి నాలుగు.

ఒకేసారి ఎనిమిదీ ఎందుకు పెట్టకూడదని అడిగాను. మగపెళ్ళివారు ముందురోజు సాయంత్రమే దిగుతారు, మొదటి నాలుగూ వాళ్ళకి. రెండో నాలుగూ పెళ్ళిరోజుకి. అన్నీ ఒకసారే తయారైతే మొదటి రాత్రే అన్నీ ఖాళీ అవుతాయి.

కుండ పెట్టే పద్ధతి ఇది. చోడిపిండినీ, కొద్దిగా కోటా బియ్యాన్నీ కలిపి చిక్కగా ఉడికించి, గోరువెచ్చన అయ్యేదాకా ఆరబెడతారు. అందులో మొలకల పిండి కలుపుతారు. మొలకెత్తిన గింజలోని ఎంజైములు పిండిని తీపిగా మారుస్తాయి. మనం చంటిపిల్లలకు పెట్టే రాగి మాల్టు తియ్యగా ఉండడానికి కారణం కూడా అదే. ఆ తర్వాత, పోయినసారి కుండ అడుగున మిగిలితే ఎండబెట్టి దాచిన మడ్డిని పొడి చేసి వేస్తారు. అది మన పెరుగు తోడు లాంటిది. తీపిని మత్తుగా మార్చేది దానిలోని ఈస్టు. వేసవిలో రెండు రోజులకే పొంగుతుంది. చలికాలంలో నాలుగు రోజులు, అదీ కుండల్ని పొయ్యి దగ్గర పెట్టి, గోనెలు కప్పితే. మా అత్త రాత్రి లేచి కుండకి చెవి ఆనించి వినేది. లోపల బుసబుసమని చప్పుడొస్తే పడుకునేది.

గింజలొక్కటే చాలవు. నోట్‌బుక్కులో ఇంకా ఉన్నాయి: కట్టెలు ఆరు మోపులు, సంతలో కొత్త కుండలు మూడు (పాతవి ఐదు కడిగి పొగ పట్టించాలి), కోటా బియ్యం 10 కిలోలు, దొప్పలకి అడ్డాకులు, పోయడానికి ఆనపకాయ బుర్రలు రెండు. ఎనిమిది కుండలకి నీళ్ళు మోసింది నేనూ, మా ఆడపడుచూ. పెళ్ళికూతురి చేత నీళ్ళు మోయిస్తారా అని ఎవరో అంటే, "నా పెళ్ళికి నేనే మొయ్యాలి, ఇంకెవలు మోస్తారు?" అంది నవ్వుతూ. ఈ పనిలో ఆడవాళ్ళ నడుములు ఎంత పడిపోతాయో కూడా చెప్పాలి. పద్ధతి గొప్పదని చెప్పి ఆ చాకిరీని దాచిపెట్టను.

పెళ్ళి ముందురోజు మొదటి కుండ మూత తీసి అత్త నేల మీద కొన్ని చుక్కలు పోసింది, పెద్దలకీ భూమికీ. తర్వాత చుట్టాలకు తానే కూర్చుని పోసింది. బుర్ర ఇంకెవరికీ ఇవ్వలేదు. ఎవరికి ఎన్ని దొప్పలయ్యాయో ఆమె కంటికి తెలుసు. "బావా, నీకు చాలు, అన్నం తిను" అని పెద్దవాళ్ళకి కూడా చెప్పింది. పిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ వేరే కుండలో మామూలు అంబలి పెట్టింది. పూర్వం ఆ తేడా చూసేవాళ్ళు కాదట. మా ఇంట్లో అది అత్తే మార్చింది. ఆశా కార్యకర్త చెప్పిన మాట ఒక్కసారి విని పట్టేసుకుంది. నేను తాగానా అంటారా? ఒక దొప్పెడు. పుల్లగా బాగుంది.

రెండో రోజు పెట్టిన కుండల్లో ఒకటి బాగా పులిసిపోయింది. నేను కంగారుపడ్డాను. అత్త పడలేదు. ఎనిమిదిలో ఒకటి పోతుందని ముందే అనుకుందట, ఏడే లెక్కలో వేసుకుందట. పెళ్ళి రాత్రి పదింటికి ఆఖరి కుండ అడుగంటింది. మగపెళ్ళివారిలో ఒకాయన, "ఏటమ్మా, అప్పుడే అయిపోయిందా?" అని కాస్త ఎగతాళిగా అడిగాడు.

"అయిపోయింది బాబూ" అంది అత్త, బుర్ర బోర్లించి చూపిస్తూ.

చాలలేదని నాకు మనసులో గుచ్చుకుంది. మర్నాడు గిన్నెలు తోముతూ అదే అంటే, "పదికి అయిపోవాలనే పెట్టాను" అంది. పదింటి దాకా ఆట, మాట. ఆ తర్వాత తాగితే తగువు. నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు చూసిన లెక్క అది. కొందరు కుర్రాళ్ళు బండ్లేసుకుని రోడ్డు మీదికి పోయి కొనుక్కు తాగొచ్చారు, అది నిజమే. వాళ్ళని ఎవరూ ఆపలేకపోయారు. కానీ మా వాకిట్లో ధింసా తెల్లవారుజాము దాకా సాగింది, వరస తెగలేదు. దెబ్బలాట లేకుండా పెళ్ళి అయింది. పరువు పోయిందని మరిది నాలుగు రోజులు మొహం ముడుచుకున్నాడు, అయిదో రోజు మామూలయ్యాడు.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. ఆశ్వయుజం వచ్చేసరికి మా ఊళ్ళో కొన్ని ఇళ్ళలో చోళ్ళు అయిపోయాయి. బదులు కుంచాలు మూడూ మా గాదెలోంచి వెళ్ళిపోయాయి. ఏడో నెలతో మా ఆడపడుచు పుట్టింటికొచ్చింది. వచ్చిన రోజు సాయంత్రం అత్త హార్లిక్స్ సీసా దించి నాకు చూపించింది. అడుగున ఆరు ఎర్ర గింజలు. "దానివి" అంది. ఆ రాత్రి పిల్ల రెండు గిన్నెల అంబలి తాగి పడుకుంది.

చాలామంది అడుగుతారు, ఇంత లెక్క ఎందుకు, అసలు తాగుడే మానేస్తే పోలా అని. మానేసిన ఇళ్ళు మా ఊళ్ళో ఉన్నాయి, వాళ్ళంటే నాకు గౌరవం. మా ఇంట్లో పూర్తిగా మానేసే రోజు వస్తే నేను బాధపడను. కానీ కుండ మానేసి సీసా పట్టుకున్న ఇళ్ళే మా చుట్టుపక్కల ఎక్కువ. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళకి గాదె సంగతి తెలుసు, పోతున్న డబ్బు సంగతి తెలియదు. మా అత్త సీసాలో గింజల్లాంటిది వాళ్ళ దగ్గర ఏమీ లేదు.

మొన్న ఇటుకల పండక్కి లెక్క రాసే పని మా అమ్మాయి తీసుకుంది. ఆరో తరగతి చదువుతోంది, స్కేలు పెట్టి గళ్ళు గీయడమంటే ఇష్టం. తేదీ, గాదెలో ఉన్నది, విత్తనం, తిండి, కుండ అని వరసగా రాసి, చివర్లో ఇంకో గడి గీసింది. సంతలో కొట్టువాళ్ళ పుస్తకంలో చూసిందట, "అమ్మకం" అని.

మా అత్త దగ్గరికొచ్చి, అదేమిటని అడిగి తెలుసుకుని, వేలుతో ఆ గడి చూపించింది.

"ఇది కొట్టియ్యమ్మా. కుండ అమ్మకానికి కాదు."